విటమిన్ మాత్రలు, ప్రొటీన్ డబ్బాలు: ఎవరికి అవసరం? ఎవరికి ప్రమాదం?

ఈరోజు టాపిక్ మీలో ఒకరు అడిగిందే. పోయిన వారం ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. వయసు 23, జీతం 22,000. రెండు నెలల కింద జిమ్‌లో చేరాడు. అక్కడ ట్రైనర్ ఒక లిస్టు రాసిచ్చాడంట. వే ప్రొటీన్, క్రియాటిన్, మల్టీవిటమిన్, ఫిష్ ఆయిల్, జుట్టు రాలుతోందని చెప్తే పైన బయోటిన్. మొత్తం ఐదు డబ్బాలు, నెలకి దగ్గర దగ్గర 7,000. "అన్నా, ఇవన్నీ కొనాలా? అమ్మేమో కిడ్నీలు పాడైపోతాయని తిడుతోంది" అని అడిగాడు.

ట్రైనర్ చెప్పింది పూర్తిగా కరెక్ట్ కాదు. అమ్మ చెప్పింది కూడా పూర్తిగా కరెక్ట్ కాదు. ఆ ఐదు డబ్బాల గురించీ మాట్లాడతాను. ఒక మాట ముందే చెప్పేస్తా, నేను డాక్టర్ని కాదు. ఫార్మసీ చదివి, కొన్నేళ్ళు మెడికల్ షాపు కౌంటర్ వెనక నిలబడినవాణ్ణి. ఎవరు ఏం కొంటారో, ఎందుకు కొంటారో దగ్గర నుంచి చూశాను.

సప్లిమెంట్ అంటే ఏంటి? లోటు ఉన్నచోట భర్తీ చేసేది. అంటే మనం అడగాల్సిన మొదటి ప్రశ్న "ఇది మంచిదా?" అని కాదు, "నాకు లోటు ఉందా?" అని. ఖాళీ బిందెలో చెంబుడు నీళ్ళు పోస్తే ఉపయోగం. నిండిన బిందెలో పోస్తే? విటమిన్ సి లాంటివైతే చాలావరకు మూత్రంలో పోతాయి, డబ్బులు వేస్ట్ అంతే. కానీ ఎ, డి లాంటివి కొవ్వులో కరిగే విటమిన్లు. అవి అంత తేలిగ్గా బయటికి పోవు. లోపలే పేరుకుంటాయి. అసలు సమస్య అక్కడ మొదలవుతుంది.

ముందు లాభం సంగతి చూద్దాం. ఎందుకంటే యూట్యూబ్‌లో సగం మంది "అన్నీ అద్భుతం" అంటారు, మిగతా సగం "అన్నీ మోసం" అంటారు. రెండూ నిజం కాదు.

గవర్నమెంట్ స్కూల్లో చదివినవాళ్ళకి నీలం రంగు మాత్ర గుర్తుండే ఉంటుంది. వారానికి ఒకటి, టీచర్ ఎదురుగానే మింగించేవారు. కొంతమంది బుగ్గలో పెట్టుకుని కిటికీలోంచి ఉమ్మేసేవాళ్ళు, అది వేరే విషయం. ఆ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. అది కూడా సప్లిమెంటే! మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. సగం కంటే ఎక్కువ. మెట్లు ఎక్కితే ఆయాసం, క్లాసులో నిద్ర, ఊరికే చిరాకు... వీటిని "బద్ధకం" అని తిట్టేస్తాం కానీ చాలాసార్లు అది రక్తం తక్కువ కావడమే. అలాంటి అమ్మాయికి రూపాయో రెండు రూపాయలో చేసే ఐరన్ మాత్ర చేసే మేలు, రెండు వేల రూపాయల గమ్మీల డబ్బా చెయ్యలేదు. ఒక్క జాగ్రత్త. ఐరన్ మాత్ర వేసుకుని వెంటనే టీ తాగకండి, టీ దాన్ని ఒంటికి పట్టనివ్వదు. నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. మలం నల్లగా వస్తే భయపడొద్దు, అది మామూలే. మాత్రలు మాత్రం చిన్నపిల్లలకి అందకుండా పెట్టండి. పిప్పరమెంట్లు అనుకుని గుప్పెడు మింగితే ప్రాణం పోయే ప్రమాదం ఉంది.

ఇంకోటి ఫోలిక్ యాసిడ్. అంతకుముందు నాడీనాళ లోపంతో, అంటే వెన్నుపాము, మెదడు సరిగ్గా మూసుకోకుండా బిడ్డ పుట్టిన తల్లుల మీద బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ పెద్ద అధ్యయనం చేసింది. 1991లో ఫలితాలు వచ్చాయి. ఫోలిక్ యాసిడ్ వేసుకున్నవాళ్ళలో ఆ లోపం మళ్ళీ రావడం 72 శాతం తగ్గింది. ఒక చిన్న మాత్ర! కానీ కిటుకు ఎక్కడుందంటే, ఆ నాళం గర్భం వచ్చిన నాలుగు వారాల్లోపే మూసుకుంటుంది. చాలామందికి అప్పటికి ప్రెగ్నెన్సీ అని కూడా తెలీదు. అందుకే పిల్లల కోసం ప్లాన్ చేసుకుంటున్నప్పుడే మొదలుపెట్టమంటారు. కొత్తగా పెళ్ళైనవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

బి12 కూడా అంతే. అది మాంసం, చేపలు, గుడ్లు, పాలల్లో ఉంటుంది, ఆకుకూరల్లో ఉండదు. పక్కా శాకాహారులు, అందులోనూ పాలు పెరుగు కూడా తక్కువ తీసుకునేవాళ్ళు, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్ళుగా వాడేవాళ్ళు, రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకునేవాళ్ళు... వీళ్ళకి లోటు రావచ్చు. అరికాళ్ళు తిమ్మిర్లు, మతిమరుపు, నీరసం. మన ఇళ్ళల్లో నాన్నగారు షుగర్ మాత్రా, గ్యాస్ మాత్రా రెండూ పదేళ్ళుగా వేసుకుంటూ ఉంటారు. కాళ్ళు తిమ్మిర్లు అంటే "షుగర్ వల్లే" అని వదిలేస్తాం. ఒకసారి బి12 టెస్ట్ చేయించండి.

ఇప్పుడు విటమిన్ డి. దీని మీద కొంచెం టైమ్ తీసుకుంటా, ఎందుకంటే నేను కౌంటర్లో చూసిన గందరగోళంలో సగం దీంతోనే.

లోటు నిజమే. ఇంత ఎండలు కాసే ఊళ్ళలో ఉండి కూడా మనకి డి తక్కువ. పొద్దున చీకటితో క్యాబ్ ఎక్కి, ఏసీలో కూర్చుని, రాత్రికి ఇల్లు చేరితే ఎండ ఎక్కడ తగులుతుంది? "పొద్దున్నే లేత ఎండలో కూర్చోండి" అని పెద్దవాళ్ళు చెప్తారు. హాయిగా ఉంటుంది కానీ డి విటమిన్ పెద్దగా రాదు. చర్మంలో డి తయారవడానికి కావాల్సిన కిరణాలు సూర్యుడు పైకి వచ్చాకే బాగా పడతాయి. మన రంగు చర్మానికి టైమ్ కూడా ఎక్కువ పడుతుంది. సరే, టెస్ట్ చేయిస్తే తక్కువ వచ్చింది. డాక్టర్ 60,000 యూనిట్ల క్యాప్సూల్ రాస్తారు. వారానికి ఒకటి, సాధారణంగా ఎనిమిది వారాలు. ఇక్కడిదాకా అంతా బాగుంది.

మా షాపుకి ఒక పెద్దావిడ వచ్చేవారు. మోకాళ్ళ నొప్పులు. ఒకసారి రాసిచ్చిన చీటీ పట్టుకుని మళ్ళీ మళ్ళీ వచ్చేవారు. నాకు అనుమానం వచ్చి అడిగాను, "అమ్మా, ఇది ఎలా వేసుకుంటున్నారు?" అని. "రోజూ రాత్రి పాలతో బాబూ, దీంతోనే కాస్త లేస్తున్నా" అన్నారు. రోజూ! మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, ఐసీఎంఆర్‌తో కలిసి చెప్పిన లెక్క ప్రకారం మనిషికి రోజుకి కావాల్సింది 600 యూనిట్లు. ఆవిడ రోజుకి 60,000 వేసుకుంటున్నారు. వంద రెట్లు. కొన్నాళ్ళుగా వాంతులు, మలబద్ధకం, విపరీతమైన దాహం, రాత్రి పదిసార్లు లేవడం. ఇంట్లోవాళ్ళు వయసైపోయింది కదా అనుకున్నారు. నేను మాత్రలు ఇవ్వకుండా వాళ్ళబ్బాయికి ఫోన్ చేయించాను. రక్తంలో కాల్షియం బాగా పెరిగిపోయి ఉంది, కిడ్నీ పనితీరు తగ్గింది. హాస్పిటల్లో చేరి, సెలైన్లు పెట్టించుకుని, చాలా వారాలకి కోలుకున్నారు. డి ఎక్కువైతే జరిగేది ఇదే. పేగుల్లోంచి కాల్షియం అవసరానికి మించి రక్తంలోకి వస్తుంది, ఆ బరువు కిడ్నీల మీద పడుతుంది. మాత్ర ఆపినా కొవ్వులో దాచుకున్నది మెల్లగా వస్తూనే ఉంటుంది.

అందులో ఆవిడ తప్పేముంది చెప్పండి? "ఇది విటమినే కదా, మందు కాదు కదా" అనుకున్నారు. మనందరం అనుకునేదే.

సరే, "మందు కాదు కదా" అనే మాటలో చట్టం కూడా ఉంది. మన దేశంలో మందులకి ఒక చట్టం, సప్లిమెంట్లకి వేరే చట్టం. సప్లిమెంట్లు ఆహారం కిందకి వస్తాయి, ఎఫ్ఎస్ఎస్ఏఐ చూస్తుంది. వాటికి 2016లో ప్రత్యేకంగా నిబంధనలు కూడా వచ్చాయి. కొత్త మందు మార్కెట్‌లోకి రావాలంటే అది పనిచేస్తుందని మనుషుల మీద పరీక్షలు చేసి చూపించాలి. సప్లిమెంట్‌కి ఆ పరీక్ష లేదు. అందుకే "జబ్బు తగ్గిస్తుంది" అని డబ్బా మీద రాయకూడదు, "వైద్య అవసరాలకు కాదు" అని ఇంగ్లీషులో పెద్దక్షరాల్లో రాయాలి. మీ ఇంట్లో డబ్బా ఉంటే ఇప్పుడే తిప్పి చూడండి. ఉంటుంది. ఆ పక్కనే 14 అంకెల లైసెన్స్ నంబర్ ఉంటుంది. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ అని ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళ యాప్ ఉంది, అందులో ఆ నంబర్ కొడితే కంపెనీ ఉందో లేదో తెలుస్తుంది. కానీ గుర్తుంచుకోండి, ఆ నంబర్ ఉందంటే ఫ్యాక్టరీకి లైసెన్స్ ఉందని మాత్రమే. మీ చేతిలో ఉన్న డబ్బాలో పౌడర్‌ని ఎవరో టెస్ట్ చేశారని కాదు.

అమెరికా నుంచి మావయ్య తెచ్చిన పెద్ద డబ్బా అయితే నమ్మొచ్చు అనుకుంటున్నారా? అక్కడ కూడా 1994 నాటి చట్టం ప్రకారం సప్లిమెంట్లు ఆహారం లెక్కే. అమ్మే ముందు ఎఫ్‌డీఏ అనుమతి అక్కర్లేదు. 2007 నుంచి 2016 దాకా అక్కడ 776 సప్లిమెంట్లలో డబ్బా మీద చెప్పకుండా కలిపిన మందులు దొరికాయి. బరువు తగ్గించే వాటిలో సిబుట్రమిన్, ఇది గుండెకి ప్రమాదమని 2010లోనే అమెరికా మార్కెట్ నుంచి తీసేసిన మందు. కండలు పెంచే వాటిలో స్టెరాయిడ్లు. "నెలలో పది కిలోలు", "మూడు వారాల్లో కండలు" అనే డబ్బా నిజంగానే పనిచేస్తే సంతోషపడకండి, లోపల ఏం కలిపారో అని అనుమానపడండి.

ఇక మన తమ్ముడి లిస్టు. ముందు ప్రొటీన్.

జాతీయ పోషకాహార సంస్థ లెక్క కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. బరువులు ఎత్తి కండలు పెంచాలనుకునేవాళ్ళకి కిలోకి 1.6 గ్రాముల దాకా ఉపయోగం కనిపించింది, అంతకు మించి తిన్నా పెద్దగా తేడా రాలేదు. అంటే 96 గ్రాములు. ఇప్పుడు మన వంటింట్లోకి వెళ్దాం. మూడు గుడ్లు 18. గ్లాసు పాలు 8. కప్పు ముద్దపప్పు 8. కప్పు పెరుగు 6. గుప్పెడు పల్లీలు 7. 50 గ్రాముల మీల్‌మేకర్ 25. పొద్దున ఇడ్లీ, రెండు పూటలా అన్నం కలిపితే ఇంకో 12 దాకా వస్తాయి. మొత్తం 84! చికెన్ తినే రోజు ఇంకా తేలిక. హాస్టల్లో నీళ్ళలాంటి పప్పుచారు, ఆలుగడ్డ వేపుడు తిని బతికేవాళ్ళకి ఇది కుదరదు, ఒప్పుకుంటా. వాళ్ళు ఒక స్కూప్ వే ప్రొటీన్ వేసుకుంటే తప్పులేదు. అది పాల నుంచి తీసిన పొడి. కానీ 2024 మేలో వచ్చిన మన పోషకాహార సంస్థ మార్గదర్శకాలు మాత్రం కండల కోసం ప్రొటీన్ పౌడర్లు వాడొద్దనే చెప్పాయి.

అదే ఏడాది కేరళ డాక్టర్లు ఇంకొంతమందితో కలిసి మన మార్కెట్లో దొరికే 36 ప్రొటీన్ సప్లిమెంట్లని ల్యాబ్‌లో పరీక్షించారు. దాదాపు 70 శాతం డబ్బాల మీద రాసిన ప్రొటీన్ సమాచారం సరిగ్గా లేదు. 14 శాతంలో అఫ్లాటాక్సిన్లు, అంటే బూజు విషాలు. 8 శాతంలో పురుగుమందుల ఆనవాళ్ళు. గుడ్డుకి ఈ బాధ లేదు కదా!

కిడ్నీల సంగతి. కిడ్నీలు బాగున్నవాడు మామూలు మోతాదులో ప్రొటీన్ తింటే పాడవుతాయని గట్టి ఆధారం లేదు. ఇప్పటికే దెబ్బతిన్నవాడికి మాత్రం ఎక్కువ ప్రొటీన్ ప్రమాదమే. చిక్కేంటంటే, మొదట్లో ఏ లక్షణమూ ఉండదు. శ్రీకాకుళం ఉద్దానం వైపు వాళ్ళు, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు డబ్బా కొనేముందు క్రియాటినిన్ టెస్ట్ చేయించుకోండి. అమ్మ భయంలో ఉన్న నిజం ఇది.

క్రియాటిన్ గురించి జనం ఎక్కువ భయపడతారు కానీ, జిమ్ సప్లిమెంట్లలో బాగా పరిశోధన జరిగింది, నిజంగా పనిచేస్తుందని తేలింది ఇదే. రోజుకి 3 నుంచి 5 గ్రాములు. బరువులు ఎత్తే శక్తి కొంచెం పెరుగుతుంది. ఇది వాడుతుంటే రక్తంలో క్రియాటినిన్ రీడింగ్ కాస్త ఎక్కువ చూపించవచ్చు, అందుకని టెస్ట్‌కి వెళ్ళినప్పుడు డాక్టర్‌కి చెప్పాలి. చెప్పకపోతే ఆయన కంగారుపడతారు, మిమ్మల్ని కంగారుపెడతారు.

ఫిష్ ఆయిల్, మల్టీవిటమిన్ త్వరగా తేల్చేద్దాం. దాదాపు 26,000 మంది మీద చేసి 2018లో ఫలితాలు ఇచ్చిన అమెరికా ట్రయల్‌లో ఒమెగా-3 క్యాప్సూల్స్ గుండెపోటు, పక్షవాతం లాంటి వాటన్నిటినీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గంత తగ్గించలేకపోయాయి. మల్టీవిటమిన్ మీద 2024లో దాదాపు 3,90,000 మంది ఆరోగ్యవంతుల లెక్కలు చూస్తే, రోజూ వేసుకున్నవాళ్ళేమీ ఎక్కువకాలం బతకలేదు. 23 ఏళ్ళ కుర్రాడికి రెండూ అక్కర్లేదు. ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కో తమ్ముడూ.

బయోటిన్ దగ్గర మాత్రం ఆగాలి, ఎందుకంటే అమ్మాయిలు కూడా ఇదే ఎక్కువ కొంటున్నారు. మనిషికి రోజుకి 30 మైక్రోగ్రాములు చాలు, తిండిలోనే వచ్చేస్తుంది. డబ్బాల్లో 5,000, 10,000 ఉంటుంది. మరి "నాకు జుట్టు రాలడం తగ్గింది" అంటారు కదా? డెంగ్యూ, టైఫాయిడ్, కాన్పు లాంటివి అయిన రెండు మూడు నెలలకి జుట్టు కుప్పలుగా రాలుతుంది, తర్వాత చాలామందికి కొన్ని నెలల్లో దానంతట అదే ఆగిపోతుంది. మనం గమ్మీలు మొదలుపెట్టేది రాలడం ఎక్కువైనప్పుడే. ఆగినప్పుడు పేరు గమ్మీకి వస్తుంది.

అది డబ్బు నష్టం. అసలు ప్రమాదం వేరే. ఎక్కువ బయోటిన్ రక్తంలో ఉంటే కొన్ని ల్యాబ్ టెస్టులు తప్పు చూపిస్తాయి. థైరాయిడ్ మామూలుగా ఉన్నా ఎక్కువైనట్టు రావచ్చు. గుండెపోటుని పట్టే ట్రోపోనిన్ టెస్ట్ ఉండాల్సిన దానికంటే తక్కువ చూపించవచ్చు. ఇలా ట్రోపోనిన్ తక్కువగా వచ్చిన ఒక రోగి చనిపోయారని ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరిక ఇచ్చింది. జుట్టు కోసం వేసుకున్న మాత్ర! రక్త పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపండి, ల్యాబ్‌లో చెప్పండి. ఎమర్జెన్సీ అయితే డాక్టర్‌కి చెప్పండి.

"అన్నా, నేను నాచురల్‌వే వాడతా, పసుపు క్యాప్సూల్స్" అనేవాళ్ళున్నారు. పప్పులో వేసే చిటికెడు పసుపు వేరు, క్యాప్సూల్ వేరు. పసుపులో ఉండే కుర్కుమిన్ మామూలుగా ఒంటికి చాలా తక్కువ పడుతుంది. మిరియాల్లోని పైపరిన్ కలిపితే అది 20 రెట్లు పెరుగుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులే చూపించారు. కంపెనీలు దాన్ని పట్టుకున్నాయి. తర్వాత అమెరికాలో లివర్ దెబ్బతిన్నవాళ్ళ రికార్డులు చూస్తే పసుపు సప్లిమెంట్ల వల్లే అని తేలిన పది కేసులు బయటపడ్డాయి. అందులో ఒకరు చనిపోయారు. కోట్ల మంది వాడేదాంట్లో పది చిన్న సంఖ్యే, కాదనను. కానీ కళ్ళు పచ్చబడి, మూత్రం ముదురు రంగులో వస్తే "పసుపు కదా, మంచిదే" అని కొనసాగించకుండా వెంటనే ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

సిగరెట్ తాగేవాళ్ళకి ఒక మాట. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ళకి క్యాన్సర్ రాకుండా ఆపుతుందన్న నమ్మకంతో కొందరికి బీటా కెరోటిన్ ఇచ్చారు. 1994లో లెక్క చూస్తే అది వేసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది. క్యారెట్ తింటే రాదు ఇది, మాత్రల మోతాదు సంగతి. సిగరెట్ కాలుస్తూ "ఆరోగ్యం కోసం" యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు కొంటున్నవాళ్ళు వెనకాల బీటా కెరోటిన్ అని ఉందేమో చదవండి.

ఇంక ఫోన్ చేతిలో ఉంది కాబట్టి ఒక పని చెప్తా. ఈ ఆదివారం ఇంట్లో అమ్మ, నాన్న, అమ్మమ్మ వేసుకునేవన్నీ, మందులూ విటమిన్లూ అన్నీ, మంచం మీద పరిచి ముందు, వెనక ఫొటోలు తీయండి. అమ్మ పొద్దున థైరాయిడ్ మాత్ర వేసుకున్న వెంటనే కాల్షియమో ఐరనో వేసుకుంటుంటే థైరాయిడ్ మాత్ర సరిగ్గా పట్టదు, మధ్యలో నాలుగు గంటలు గ్యాప్ ఉండాలి. తాతయ్య రక్తం పలచబడే మాత్ర మీద ఉంటే విటమిన్ కె ఉన్నది, ఫిష్ ఆయిల్ లాంటివి అడగకుండా ఇవ్వకూడదు. ఒకే విటమిన్ డి మూడు వేర్వేరు పేర్లతో మూడు స్ట్రిప్పుల్లో ఉండొచ్చు, నేను చాలా ఇళ్ళల్లో చూశాను. ఆ ఫొటోలు డాక్టర్‌కో, మీకు తెలిసిన ఫార్మసిస్ట్‌కో చూపించి "ఇందులో ఏది ఆపొచ్చు?" అని అడగండి. "ఇంకేం వాడాలి?" అని అందరూ అడుగుతారు, ఈ ప్రశ్న ఎవరూ అడగరు.

టెస్టులకి 999 ప్యాకేజీలు చేయించుకోవాలా అని చాలామంది అడుగుతున్నారు. అది పెద్ద కథ, వచ్చే ఎపిసోడ్‌లో ఆ రిపోర్టుల్లో ఎర్రగా కనిపించే అంకెల గురించే మాట్లాడుకుందాం. మీ పాత రిపోర్టులుంటే, పేరూ నంబరూ కొట్టేసి పంపించండి. ఉంటాను మరి, బై.